అమ్మ గది మీద సున్నం

రెండేళ్ల క్రితం మే నెలలో ఒక రాత్రి, పదకొండు దాటాక మంచినీళ్ల కోసం లేచాను. మెట్ల మలుపులో ఎవరో పడుకున్నట్టు కనిపిస్తే గుండె ఝల్లుమంది. దగ్గరికెళ్లి చూస్తే అమ్మ. చాప వేసుకుని, చెయ్యి తలకింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కరెంటు ఉంది. ఆమె గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఏసీ కూడా ఉంది కానీ అమ్మకి ఏసీ గాలి పడదు, మోకాళ్లు పట్టేస్తాయి.

"ఏంటమ్మా ఇక్కడ పడుకున్నావు?"

"ఆ గదిలో పైనుంచి సెగ దిగుతోందిరా నాన్నా. ఫ్యాను వేస్తే ఆ సెగే మీదకి తోలుతోంది. ఇక్కడ కాస్త గాలాడుతోంది, నువ్వెళ్లి పడుకో."

ఆ ఇంటికి ప్లాన్ గీసింది నేనే. దగ్గరుండి కట్టించింది నేనే. భీమవరంలో ఇరవై రెండేళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నాను. డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మ నేను కట్టిన ఇంట్లో నిద్రపట్టక మెట్ల మీద పడుకుంది. ఆ రాత్రి నాకు మళ్లీ నిద్ర పట్టలేదు. ఈ విషయం గురించి రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

మా ఇల్లు 2011లో కట్టాం. నూట ఎనభై గజాల స్థలం. కింద నా ఆఫీసు, పార్కింగ్. మొదటి అంతస్తు అద్దెకి. రెండో అంతస్తులో మేం. పెద్దవాళ్లకి నైరుతి గది ఇవ్వాలని అమ్మకి ఆ గది ఇచ్చాం. పడమర నాలుగున్నర అంగుళాల గోడ. ఆ గోడలో నాలుగడుగుల స్లైడింగ్ కిటికీ. పైన అయిదంగుళాల స్లాబు, దాని మీద సిమెంటు పూత, అంతే. డబ్బు ఎక్కడ మిగులుతుందా అని చూసుకుంటూ కట్టాను. స్లాబు మీద ఇంకేదో వెయ్యాలన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. ఆ రోజుల్లో నేను గీసిన ఇళ్లలో ఒక్కదానికి కూడా అలాంటిది రాయలేదు.

కాంక్రీటు వేడిని వెంటనే కిందికి వదలదు. పొద్దుటినుంచీ ఎండని తాగుతూ కూర్చుంటుంది. మధ్యాహ్నం రెండుకి పైన కాలుతున్నా కింద అంత తెలియదు. సాయంత్రం ఆరు ఏడుకి ఆ వేడి అడుగుభాగానికి చేరుతుంది. ఊరంతా కాస్త చల్లబడి, మనం పక్క వేసుకునే వేళకి సరిగ్గా స్లాబు మన మీదకి తిరుగుతుంది. రాత్రి పన్నెండు ఒంటిగంట దాకా అలా సెగ కొడుతూనే ఉంటుంది. అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. పైన పేరుకున్న వేడిగాలిని ఫ్యాను కిందికి తోస్తుంది.

మా నాన్న తాపీ మేస్త్రీ. మాది అసలు రాజోలు వైపు పల్లెటూరు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో ఎవరూ మరిచిపోలేదు. నేనప్పుడు పాలిటెక్నిక్ చదువుతూ హాస్టల్లో ఉన్నాను. దారులు తెరుచుకున్నాక నరసాపురం నుంచి పంటు ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగి నడిచాను. కొబ్బరిచెట్లన్నీ ఒకే దిక్కుకి తలలు పెట్టి పడి ఉన్నాయి. మా ఇంటి పెంకులు పక్కవాళ్ల పెరట్లో ఉన్నాయి. తాటాకు ఇళ్లయితే ఎక్కడివక్కడ చదును. ఆ తుఫానులో వెయ్యికి పైగా మనుషులు పోయారు.

ఆ తర్వాత మూడు నాలుగేళ్లు నాన్నకి చేతినిండా పని. అందరిదీ ఒకటే మాట: "ఎగిరిపోని కప్పు కావాలి మేస్త్రీ." స్లాబు ఎంత మందం, ఊచలు ఎంత దగ్గర అని అడిగారు. లోపల ఎంత వేడిగా ఉంటుందని ఎవరూ అడగలేదు. అడగకపోవడంలో తప్పు లేదు. పిల్లల్ని మంచం కింద దాచుకుని ఒక రాత్రంతా గడిపినవాడికి ఎండ గురించి ఏం ఆలోచన ఉంటుంది? మన డెల్టాలో పెంకుటిళ్లు పోయి డాబాలు రావడానికి ఫ్యాషన్ కంటే ముందు భయం కారణమని నేననుకుంటాను. అందుకే పాత మండువా లోగిళ్ల గురించి ఎవరైనా గొప్పగా చెబుతుంటే నాకు పూర్తిగా తలూపబుద్ధి కాదు. చల్లగా ఉండేవి, నిజమే. ఏటా పెంకు నేయించుకోవాలి. వానాకాలం నాలుగు చోట్ల గిన్నెలు పెట్టాలి. అన్నదమ్ములు పంచుకుని నలభై గజాలు మిగిలినవాడు మండువా ఎక్కడ పెట్టుకుంటాడు?

ఆ ఇళ్లు ఎందుకు చల్లగా ఉండేవో తెలుసుకుని, ఆ పని స్లాబు ఇంటితో చేయించాలి. మేం ఆ పని చెయ్యలేదు.

నాన్న చిన్నప్పుడు పాత మేడల దగ్గర కూలి చేశారు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కలు, సున్నం కలిపిన జల్లి మందంగా పరిచి, కరక్కాయ నీళ్లూ బెల్లం నీళ్లూ చల్లుతూ రోజుల తరబడి దిమ్మిస కొట్టేవారట. అంత మందాన్ని దాటి వేడి కిందికి రావడం కష్టం. పైన తెల్లటి సున్నం, ఎండలో సగానికి పైగా అక్కడే తిరిగిపోతుంది. సిమెంటు చౌకగా, తొందరగా పని కానిచ్చింది. ఆ పై పొరలన్నీ ఖర్చు కింద కొట్టేసుకున్నాం.

నాన్న ఈ ఇల్లు చూడకుండానే పోయారు. "మీ నాన్నుంటే నాకు పడమటి గది వద్దనేవారు" అని అమ్మ ఒక్కసారే అంది, అదీ కోపంగా కాదు.

ఇక్కడ ఎండ ఎటునుంచి వస్తుందో కొంచెం చెప్పాలి. నేను డిప్లొమాలో నేర్చుకున్నది, పని చేస్తూ మరిచిపోయింది ఇదే. భీమవరం పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 6, 7 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. డాబా మీద ఒక కర్ర నిలువుగా నిలబెడితే దానికి నీడ ఉండదు. మళ్లీ ఆగస్టు మొదట్లో ఇంకోసారి అలా ఉంటుంది. అంటే వేసవి పొడుగునా ఎండ ఎక్కువగా పడేది కప్పు మీద. దక్షిణపు గోడ మీద ఆ రోజుల్లో దాదాపు ఎండే పడదు. కప్పు తర్వాత పొద్దున తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ. పడమటి ఎండ ఏటవాలుగా తిన్నగా గోడకి, కిటికీకి కొడుతుంది. కిటికీ మీద మనం వేసే రెండడుగుల సన్‌షేడ్ నెత్తిమీది ఎండని ఆపుతుంది కానీ నాలుగున్నరకి వచ్చే పడమటి ఎండ దాని కిందనుంచి దూరిపోతుంది. దానికి వరండా కావాలి, లేదా నిలువు అడ్డు కావాలి, చెట్టు కావాలి, కనీసం వెదురు తెరైనా కావాలి. తెర కిటికీ బయట కట్టాలి. లోపల పరదా కడితే ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేసినట్టే, ఆ వేడి గదిలోనే ఉంటుంది.

కప్పు, పడమటి గోడ. ఈ రెండూ సరిచేస్తే మన ప్రాంతంలో ఇంటి వేడి చాలావరకు దారికొస్తుంది. నేను ఇన్నాళ్లూ ఎలివేషన్ మీద, అంటే ఇంటి ముందుభాగం అందం మీద, పెట్టిన శ్రద్ధలో నాలుగో వంతు ఈ రెండింటి మీద పెట్టి ఉంటే బాగుండేది.

ఆ మేలోనే, రెండు రోజుల తర్వాత పెయింట్ల కొట్టుకి వెళ్లాను. గుల్ల సున్నం దొరకలేదు, మామూలు సున్నమే తెచ్చాను. పది కేజీల సున్నం, రెండు కేజీల తెల్ల సిమెంటు, అర కేజీ ఫెవికాల్. సున్నం ముందురోజు రాత్రే నానబెట్టి వడకట్టాం. డాబా మీద అమ్మ గది పైభాగం వరకే గీత గీసుకుని, తెల్లవారుజామున అయిదింటికి మొదలుపెట్టాం, ఎండెక్కితే పూత పొడిపొడిగా రాలిపోతుంది కాబట్టి. నేనూ, మా అబ్బాయీ. ముందు చీపురుతో నాచు గీకి కడిగి, తడి ఆరకముందే మొదటి పూత, మర్నాడు రెండోది. సగమే వెయ్యడం కావాలని చేసిందే. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప నాకు నమ్మకం కుదరదు.

పన్నెండు వందలు పెట్టి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొన్నాను, తుపాకీలా గురిపెడితే అంకె చూపిస్తుంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం రెండున్నరకి సున్నం లేని వైపు 61 డిగ్రీలు, సున్నం వేసిన వైపు 44. మధ్యలో గీత మాత్రమే. రాత్రి తొమ్మిదికి కిందికి వచ్చి గదుల సీలింగుకి గురిపెట్టాను. మా గది సీలింగు 39, అమ్మ గది సీలింగు 35. నాలుగు డిగ్రీలంటే వినడానికి చిన్నదే. తల మీద 35 డిగ్రీల కప్పు ఉంటే మన ఒళ్లు కాస్తయినా వేడి వదలగలదు. 39 ఉంటే కప్పే మన ఒంటికి వేడి ఎక్కిస్తుంది. అమ్మ ఆ రాత్రి గదిలో పడుకుంది. చాప మెట్ల మీదకి మళ్లీ రాలేదు.

వారం తిరక్కుండానే మిగతా డాబా అంతా వేశాం. సున్నం గురించి ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మన వానలకి అది నిలవదు. శ్రావణం దాటేసరికి సగం కొట్టుకుపోతుంది, మిగిలింది నాచు పట్టి నల్లబడుతుంది. ఏటా ఫాల్గుణంలో మళ్లీ వెయ్యాలి. డబ్బు ఉన్నవాళ్లకి ఇంకా మంచి దారి ఉంది: స్లాబు మీద థర్మోకోల్ లాంటి గట్టి షీటు (ఎక్స్‌పీఎస్ అంటారు), దాని మీద వాలు కాంక్రీటు, ఆ పైన తెల్ల టైల్స్. షీటు వెయ్యడానికి ముందే లీకులు సరిచేసుకోవాలి, లేకపోతే నీరు కింద చేరి ఎక్కడ కారుతోందో కనిపెట్టడం నరకం. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు టైల్స్ కొట్ల దగ్గర దాదాపు ఊరికే దొరుకుతాయి. వాటిని పరిచి సందుల్లో తెల్ల సిమెంటు నింపినా చాలా ఏళ్లు ఉంటుంది.

సున్నం వేశాక ఊరుకోబుద్ధి కాలేదు. నేను గీసిన పాత ప్లాన్లు తీసి ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టాను. కిటికీల దగ్గర ఆగిపోయాను.

కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్లకి ఒక నియమావళి తెచ్చింది. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే ఏసీల మీద, ఫ్రిజ్‌ల మీద చుక్కల (స్టార్) లేబుల్ వేసే సంస్థ, దాన్ని తయారుచేసింది. అందులో మనలాంటి ఉక్కపోత ప్రాంతాలకి ఒక లెక్క ఉంది. ఇంటి నేల వైశాల్యంలో కనీసం ఆరో వంతు, 16.66 శాతం, తెరవగలిగిన కిటికీ, తలుపు జాగా ఉండాలి. ఎండుగా ఉండే వేడి ప్రాంతాలకి పదో వంతు చాలు. మనకే అన్నిటికంటే ఎక్కువ అడిగారు. ఎందుకంటే మన దగ్గర చెమట ఆరదు. గాలి కదిలితేనే ఒంటికి హాయి. అందుకే రాయలసీమలో హాయిగా పనిచేసే ఎయిర్ కూలర్ ఇక్కడ పెడితే గది ఇంకా చెమ్మెక్కుతుంది తప్ప చల్లబడదు.

ఇప్పుడు అమ్మ గది లెక్క వేద్దాం. పది బై పన్నెండు, 120 చదరపు అడుగులు. ఆరో వంతు అంటే 20. నేను పెట్టిన కిటికీ నాలుగు బై నాలుగు, 16. అది స్లైడింగ్. రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది, ఒక రెక్క ఇంకో రెక్క వెనక్కి వెళుతుంది అంతే. అంటే గాలి వచ్చేది 8 చదరపు అడుగుల్లోంచి. నియమావళి లెక్క ఇల్లు మొత్తం మీద వేస్తుంది, బాల్కనీ తలుపులు కూడా కలుస్తాయి. అలా కలిపినా మా ఇల్లు నిలబడలేదు. పాత కర్ర కిటికీలు రెండు రెక్కలూ బయటికి పూర్తిగా తెరుచుకునేవి. పైన వెంటిలేటర్ ఉండేది, పైకి చేరిన వేడిగాలి అందులోంచి పోయేది. "దుమ్ము వస్తుందండి, దోమలు వస్తాయండి" అంటే మేం వెంటిలేటర్లు తీసేశాం. దోమలకి మెష్ ఉంది. వేడిగాలి పోవడానికి దారి మాత్రం మూసుకుపోయింది.

సముద్రం మనకి దగ్గర. వేసవి సాయంత్రాలు దక్షిణం నుంచి, ఆగ్నేయం నుంచి గాలి వస్తుంది. అది ఇంట్లోకి రావడానికి ఒక కిటికీ, పోవడానికి ఎదురు గోడలో ఇంకో కిటికీ కావాలి. ఒక గోడకే రెండు కిటికీలు పెడితే గాలి గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

వాస్తు గురించి చెప్పకుండా ఇక్కడ ఇంటి గురించి మాట్లాడటం కుదరదు. నేను వాస్తు పాటిస్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా పాటిస్తారు. నైరుతిలో యజమాని గది, నైరుతి బరువుగా ఉండాలి అంటారు. పై అంతస్తులో నైరుతి గది అంటే ఎండ లెక్కన ఇంట్లో అన్నిటికంటే వేడెక్కే గది. అందరూ అందులో పడుకుని రాత్రంతా ఏసీ వేస్తారు. బరువుగా ఉండాలన్న మాటని మేం బీరువా పెట్టడంతో సరిపెట్టాం. ఆ మాటని గోడకి ఎందుకు పట్టించకూడదు? ఇప్పుడు నేను నైరుతి గది పడమటి గోడ తొమ్మిది అంగుళాలు గీస్తున్నాను, దానికి లోపలివైపు నేలనుంచి పైదాకా కప్‌బోర్డులు. బట్టలు, పరుపులు నిండిన రెండడుగుల కప్‌బోర్డు వేడికి అడ్డుగోడే. కిటికీ దక్షిణానికి జరుపుతున్నాను. పంతులుగారూ సంతోషిస్తున్నారు, గదీ చల్లబడుతోంది. ఏఏసీ బ్లాకులు, ఊళ్లో లైట్ వెయిట్ ఇటుకలంటారు, అవి వాడితే ఎర్ర ఇటుకతో పోలిస్తే వేడి మూడు నాలుగు రెట్లు తక్కువ దాటుతుంది. మేస్త్రీలు వాటి మీద విసుక్కుంటారు, పిల్లర్ దగ్గర ప్లాస్టరింగు పగులుతుందని. ఆ జాయింటు మీద మెష్ కొట్టి, బ్లాకు తడిపి పని చేస్తే పగలదు. తొందరపడితే పగులుతుంది.

మా ఊరు 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం అయ్యింది. రొయ్యల డబ్బు ముందునుంచీ ఉంది. ఉండి రోడ్డు వైపు, జువ్వలపాలెం రోడ్డు వైపు నిన్నటి చేలల్లో ఈరోజు అయిదంతస్తులు లేస్తున్నాయి. వాటిలో చాలావాటికి రోడ్డు వైపు అద్దాలు. రోడ్డు పడమటికి ఉన్నా అద్దాలే. అలాంటివి కొన్ని నేనే గీశాను, డబ్బులిచ్చి గీయమంటే కాదనలేదు. ఆ అద్దం వెనక కూర్చున్నవాళ్లు మధ్యాహ్నం పరదాలు వేసుకుని, లైట్లు వేసుకుని, ఏసీ 18లో పెట్టుకుని పనిచేస్తున్నారు. వెలుతురు కోసం పెట్టిన అద్దానికి పరదా వేసి పగలే లైటు వేసుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అపార్టుమెంట్లలో ఇంకో ఇబ్బంది ఏసీ బయటి పెట్టెలది. అయిదు ఫ్లాట్ల పెట్టెలూ మూడడుగుల షాఫ్టులో ఒకదాని మీద ఒకటి బిగిస్తారు. కింది పెట్టె వదిలిన వేడిగాలినే పై పెట్టె పీలుస్తుంది. పై అంతస్తువాడి ఏసీ ఎంత చుక్కలదైనా అక్కడ ఆయాసపడుతూ నడుస్తుంది, బిల్లు లాగుతుంది. దీనికి అదనపు ఖర్చేమీ లేదు, గాలాడే బాల్కనీ పక్కన ఒక గట్టు చూపిస్తే చాలు. అది ప్లాను దగ్గర తేలాల్సిన పని. కట్టేశాక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

మీ ఏసీ పైపు కింద ఒక రాత్రి బకెట్ పెట్టి చూడండి. డెల్టాలో అది నిండుతుంది. ఆ నీళ్లు గదిలోని గాలిలో ఉన్న తేమ. పది లీటర్ల తేమని పిండటానికే సుమారు రెండు యూనిట్లు ఖర్చవుతాయి. తలుపు కింద వేలు దూరేంత సందు ఉంటే బయటి చెమ్మ వస్తూనే ఉంటుంది, ఏసీ పిండుతూనే ఉంటుంది. సందుకి రబ్బరు పట్టీ పెద్ద ఖరీదేం కాదు. 2020 నుంచి చుక్కల లేబుల్ ఉన్న కొత్త ఏసీలు ఆన్ చెయ్యగానే 24 దగ్గర మొదలవుతాయి. దాన్ని అక్కడే ఉంచి, సన్నగా ఫ్యాను కూడా వేసుకుంటే సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని బ్యూరో వాళ్లే చెబుతారు.

ఫ్యాన్ల మాటకొస్తే, మా ఇంట్లో పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు తినేవి. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారుది, అదే గాలికి సుమారు 30 వాట్లు తింటుంది. నాలుగు ఫ్యాన్లు రోజుకి పన్నెండు గంటలు తిరిగితే నెలకి అరవై యూనిట్ల పైన తేడా. మన టారిఫ్‌లో వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది కాబట్టి ఆ మిగిలేవి ఖరీదైన యూనిట్లు. అమ్మ గది ఫ్యానే మొదట మార్చాను. రిమోట్ ఉంటుంది కాబట్టి ఆమె మంచం దిగకుండా తగ్గించుకుంటోంది, అది ఆమెకి అన్నిటికంటే నచ్చింది.

మా మే బిల్లు ముందు ఏడాది 612 యూనిట్లు. సున్నం, ఫ్యాన్లు, వెదురు తెరలు అయ్యాక మరుసటి ఏడాది మేలో 431. ఆ మేలో రెండు మూడు వానలు పడ్డాయి, ఘనత అంతా సున్నానిదే అనలేను.

చట్టం సంగతి. 2018 నాటి ఎకో నివాస్ సంహితని 500 చదరపు మీటర్లు, అంటే సుమారు ఆరువందల గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే ఇళ్ల కోసం రాశారు. కప్పు గురించి అందులో ఉన్న నియమం నాకు బాగా నచ్చింది. కప్పు దాటి వచ్చే వేడి, లోపలికీ బయటికీ ఉన్న ఒక్కో డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 1.2 వాట్లు మించకూడదు. మనం పోసి వదిలేసే వట్టి స్లాబు దీనికి దాదాపు మూడు రెట్లు. పక్కన తెలంగాణ 2023లో కప్పులు చల్లగా ఉంచడానికి కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ఇళ్లకి అక్కడ కూడా ఆరువందల గజాలే గీత. భీమవరంలో, తణుకులో, అమలాపురంలో ఇల్లు కట్టుకునేవాళ్లలో ఎంతమందికి ఆరువందల గజాలుంటాయి? నా దగ్గరికి వచ్చేవి నూట ఇరవై, నూట యాభై, రెండువందలు. ఏసీ కొనలేనివాడు, కొన్నా బిల్లుకి భయపడి వెయ్యనివాడు ఈ ఇళ్లలోనే పై అంతస్తులో అద్దెకి ఉంటాడు. ఓనరుకి బిల్లు రాదు కాబట్టి సున్నం వెయ్యడు. అద్దెకున్నవాడు ఎప్పుడు ఖాళీ చేస్తాడో తెలియదు కాబట్టి తనూ వెయ్యడు. చిన్న ఇళ్లకి ప్లాన్ మంజూరు చేసేటప్పుడు కప్పు తెల్లగా ఉండాలి అన్న ఒక్క షరతు పెడితే చాలు. పరీక్షలు, సర్టిఫికెట్లు అక్కర్లేదు, కంటితో చూస్తే తెలిసిపోతుంది. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన జాగా, కొలిచినప్పుడే అదీ చూడొచ్చు. ఇది జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈలోపు నా ఆఫీసులో గీసే ప్రతి ప్లానులో స్లాబు పక్కన "పైన తెల్ల టైల్స్ లేదా సున్నం" అని నేనే రాస్తున్నాను.

పోయిన నెల ఉండి వైపు నుంచి ఒక రొయ్యల రైతు వచ్చారు. రెండువందల గజాలు, పడమటి రోడ్డు. ముందుభాగం రెండంతస్తులూ అద్దం కావాలి, ఫోన్లో ఫొటో కూడా తెచ్చారు. నేను వద్దనలేదు. "ఇప్పుడు మీరుంటున్న ఇంటికి ఒకసారి వస్తానండి, రాత్రి తొమ్మిదికి" అన్నాను.

"రాత్రా? కొలతలేం కనపడతాయి ఇంజనీరు గారూ?"

"కొలతలకి కాదండి."

వెళ్లాను. పై అంతస్తులో వాళ్ల పడగ్గది పడమటి గోడ మీద అరచెయ్యి పెట్టమన్నాను. తూర్పు గోడ మీద పెట్టమన్నాను. మళ్లీ పడమటి గోడ. ఆయన చెయ్యి అక్కడే ఉంచి కాసేపు మాట్లాడలేదు. చెరువు నీళ్లకి గాలి ఎక్కించే ఏరియేటర్ల బిల్లు ఆయనకి పైసలతో సహా తెలుసు. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుందని, రొయ్య తేలిపోతుందని నాకంటే బాగా తెలుసు. అందుకే నేను పెద్దగా వివరించాల్సిన పని పడలేదు. వాళ్ల అత్తగారు మంచం మీద కూర్చుని, "నేను రెండేళ్లనుంచీ చెప్తున్నాను బాబూ" అంది.

మర్నాడు ఆఫీసుకి వచ్చి ఫొటో మళ్లీ చూపించారు. అద్దం అంతా కాకపోయినా మెట్ల దగ్గర కొంచెం ఉంచాలన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను. మెట్లు ఉత్తరం వైపు ఉన్నాయి, అక్కడ అద్దం వల్ల పెద్దగా నష్టం లేదు. ముందువైపు పొడుగునా వరండా గీస్తే స్కేలు మీద వేలు పెట్టి, "ఇది ఆరడుగులు పెట్టారు, అయిదు సరిపోదా? హాలు తగ్గిపోతోంది" అని అడిగారు. సాయంత్రం నాలుగు గంటల ఎండ గీత గీసి చూపించాను. అయిదైతే కిటికీ కిందిభాగానికి జానెడు ఎండ తగులుతుంది. వరండా చివర వెదురు తెర వేసుకుంటే అయిదు కూడా పర్వాలేదని చెప్పాను. ఇంట్లో అడిగి సోమవారం చెబుతామని వెళ్లారు.